పగిలిన హెడ్డు, అప్ప అనుమానం

అప్ప పోయిన రోజు గోల్ ఘర్ బజారంతా మూసేశారు.

అబద్ధం. ఒక్క దుకాణం మూసి ఉంది. అదీ ఆ కొట్టువాడి కూతురి పెళ్ళికని. చెయ్యి అలవాటు చొప్పున పెద్దది చేసి రాసేసింది. అప్ప బతికుంటే ఆ మొదటి వాక్యం దగ్గరే ఆపేది. "నువ్వు సెప్పిందాంట్లో సగం తీసీసి, మిగిల్నదాన్ని ఎండలో ఆరబెట్టి అప్పుడు వినాల బాబూ" అని నా మొహం మీదే చాలాసార్లు అంది.

కబురు తెచ్చినవాడు చేపలమ్మే మనిషి. గంప దించుతూ, "దీదీ పోయింది సాబ్. ఆస్పత్రిలో ఆఖరి రోజు దాకా మందు వాసన చూసిగానీ మింగలేదంట. నర్సుని ముందు నువ్వు తాగు అందంట" అన్నాడు. చావు కబురు విని నేను నవ్వాను. ఆ మనిషి నన్ను అదోలా చూశాడు. ఆ నవ్వుకి సంజాయిషీ ఇది.

పేరు రాయను. పేరు అడిగినవాడిని "నా పేరుతో నీకేటి పని?" అని ఎదురడిగే మనిషి పేరు ఆమె పోయాక బయటపెట్టడం మర్యాద కాదు. తెలుగువాళ్ళకి అప్ప, మిగతావాళ్ళకి దీదీ. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి మొగుడి వెంట ఓడెక్కి ఈ దీవికి వచ్చింది. నేను విజయనగరం వైపు నుంచి గుమాస్తా ఉద్యోగం వెంట వచ్చాను. స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఇరవయ్యేళ్ళు నిండని రోజులు. ఆమె ఇంటికీ నా వాటాకీ మధ్య ఒక వెదురు దడి. దడిలో ఒక చిన్న సందు ఉండేది. అది నేను ఆమె ఇంట్లోకి చూడ్డానికి చేసిందని అప్ప, ఆమె నా ఇంట్లోకి చూడ్డానికి చేసిందని నేను అనుకుంటూ ఉండేవాళ్ళం.

చేప కొనేటప్పుడు ఆమె ముందు అమ్మేవాడి కళ్ళలోకి చూసేది. తర్వాత చేప కళ్ళలోకి చూసేది. ఆ తర్వాత మొప్ప ఎత్తి, వాసన చూసి, బొటనవేలితో పొట్ట నొక్కి, ఇంత చేసీ కొనకుండా వెళ్ళిపోయి, ఇంకో దారిన వెనక్కి వచ్చి కొనేది. చుట్ట కాల్చేది, మా వైపు ఆడవాళ్ళలాగే అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో, చల్లటి కొస బయట. సముద్రపు గాలికి ఆరిపోకుండా అలా కాలుస్తారని మా అమ్మ చెప్పేది. అప్ప కారణం వేరు. "నిప్పు అగుపడితే ప్రెతీవోడూ బీడీ ముట్టించుకోడానికి వస్తాడు బాబూ. బీడీతో మొదలెట్టి బియ్యం దాకా అడుగుతాడు."

ఓడ కూత వినిపిస్తే ఊరంతా జెట్టీకి పరిగెత్తేది. అప్ప మాత్రం, "కూత ఎవుడైనా ఊదొచ్చు. ఓడని కంటితో సూణ్ణీ" అనేది.

ఇంత అనుమానంగల మనిషికి ఒక కారు ఉండేది.

ఏ దొరో వదిలేసి పోయిన బిలాయతీ కారు. నల్లటి రంగు, గుండ్రటి దీపాలు, రెక్కల్లాంటి మడ్‌గార్డులు. అప్ప మొగుడు బోటు మీద ఇంజను మనిషి. సర్కారు వేలంలో దాన్ని పాడుకుని, బాగుచేసి, ఓడ వచ్చిన రోజుల్లో జెట్టీ నుంచి జనాన్ని తిప్పేవాడు. అతను జ్వరంతో పోయాక కారే ఆమెకి తిండి పెట్టింది. మరిది వరసవాడొకణ్ణి డ్రైవరుగా పెట్టుకుంది. పెట్టుకుందంటే నమ్మిందని కాదు. రాత్రి తాళంచెవి తన కొంగున. పెట్రోలు ట్యాంకులో పుల్ల ముంచి తడి ఎంతవరకు వచ్చిందో చూసి గోరుతో గుర్తు పెట్టేది. బానెట్‌కి తోలు పట్టీ వేసి దానికొక తాళం బిగించింది. లోపలి సామాన్లు ఊడబెరికి అమ్మేస్తాడని భయం. నీళ్ళు, నూనె అన్నీ తనే తెల్లారుజామున పోసి తాళం వేసేది.

ఒక ఓడ రోజున, జెట్టీ నుంచి ఎత్తు ఎక్కుతుండగా కారు బుస్సుమని ఆగిపోయింది. ఆవిరి కొబ్బరిచెట్టంత ఎత్తు లేచింది. సరే, కొబ్బరి మొలకంత. అందులో కూర్చున్న పెద్దమనిషి టోపీ మాత్రం నిజంగానే తడిసింది.

మిస్త్రీ షెడ్డు మా వీధి చివరే. అతను ఈ దీవిలోనే పుట్టినవాడు, ద్వీపాంతర శిక్షపడి వచ్చిన ఖైదీ మనవడు. మీ తాత ఏ నేరం మీద వచ్చాడయ్యా అని అడిగితే, "సర్కారీ ఖర్చు మీద వచ్చాడు" అని నవ్వేవాడు. కారును తోసుకుంటూ షెడ్డుకి తెచ్చారు. ఇంజను విప్పాలన్నాడు మిస్త్రీ. అప్ప దడి సందులోంచి నన్ను పిలిచింది.

"బాబూ, నాకు హిందీ రాదు. ఆడికి తెలుగు రాదు. నువ్వు మజ్జిని ఉండి సెప్పు."

ఆఫీసు అయ్యాక, ఆదివారాలు, నేను వాళ్ళ దుబాసీని. అప్ప చేపల గంప ఒకటి బోర్లించి ఇంజను పక్కనే కూర్చునేది. మిస్త్రీ ఒక్కో ముక్క ఊడదీసి కింద పెడుతుంటే, తన సున్నపుకాయలోంచి వేలితో తీసి దానికొక బొట్టు పెట్టేది. మరకీ బొట్టే, మూతకీ బొట్టే. నేలంతా తెల్లబొట్లు పెట్టుకున్న పేరంటంలా ఉండేది.

"యే క్యా పాగల్‌పన్ హై, అమ్మా?" అన్నాడు మిస్త్రీ.

ఇదేం పిచ్చమ్మా అని దానర్థం. "మీరు చాలా జాగ్రత్తగలవారట" అని నేను తర్జుమా చేశాను.

"పిచ్చోళ్ళ సొత్తే ఎవుడూ ముట్టుకోడని సెప్పు" అంది అప్ప.

నేను ఉలిక్కిపడ్డాను. ఏదో కాకతాళీయంగా అందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పడవలు ఒడ్డుకి వచ్చే వేళ. అప్ప చేపల కోసం లేచి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మిస్త్రీ ఇంజను హెడ్డును బల్ల మీద పెట్టి ఉన్నాడు. సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఇనపదిమ్మ అది. లోపల నీళ్ళు తిరిగే దారులుంటాయి. పక్క గోడ మీద వేలు పెట్టి చూపించాడు. "క్రాక్."

అప్ప పగులు వైపు చూడనే లేదు. "నా బొట్టేది?"

"కిరసనాయిల్లో కడిగాను. మురికి పోకపోతే పగులు ఎలా కనిపిస్తుంది? బొట్టూ పోయింది" అన్నాడతను, హిందీలో.

"అన్నింటికీ ఉన్న బొట్టు దీనికే పోనాదా? నాను అటెళ్ళిన జాములోనే పోనాదా?"

మిస్త్రీ ఓపిగ్గా దిమ్మను మళ్ళీ కిరసనాయిలుతో తడిపాడు. పొడిగుడ్డతో తుడిచి, మీద సుద్దపొడి చల్లాడు. పగుల్లోకి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి, తెల్లటి పొడి మీద వెంట్రుకంత నల్లగీత లేచింది.

"కిరసనాయిలుతో గీసుంటాడు" అంది అప్ప.

నన్ను ఇంటికి పరిగెత్తించి వేరే సుద్ద తెప్పించింది. తనే తుడిచింది, తనే చల్లింది. అదే చోట అదే గీత. అప్ప చాలాసేపు చూసి లేచింది.

"పగులున్న మాట నిజవే. గానీ ఇది నా హెడ్డు కాదు. నా మంచిది దాసీసి, ఎవుడిదో పగిల్నది తెచ్చి పెట్టేడు."

ఆ మాట షెడ్డులో ఆగి ఉంటే బాగుండేది. చేపల దగ్గర అంది. టీ కొట్టు ముందు అంది. అసలు కుళాయి దగ్గర నిలబడే అలవాటే లేని మనిషి, పనిగట్టుకుని అక్కడికి కూడా వెళ్ళి బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళకి చెప్పి వచ్చింది. వారం తిరక్కుండా షెడ్డు ముందున్న పది లారీలూ ఖాళీ అయ్యాయి.

పది లారీలు అప్పుడు ఊరు మొత్తం మీద ఉన్నాయో లేదో. షెడ్డు ముందున్నవి ఒక లారీ, ఒక జీపు. రెండూ వెళ్ళిపోయాయి. మిస్త్రీకి మాత్రం రెండూ పోవడమంటే పదీ పోవడమే.

నేనూ అతన్ని అనుమానించాను. అది కూడా చెప్పాలి. షెడ్డులోకి వెళ్ళినప్పుడల్లా గోనెసంచుల కింద, బల్ల వెనక నా కళ్ళు వెతికేవి. ఒక రోజు అతను అది గమనించాడు. సంచులన్నీ ఎత్తి కింద నేల చూపించాడు. మర్నాటికి గోడ మేకులకి తగిలించి ఉండే పానాలన్నీ ఇనపపెట్టెలోకి వెళ్ళిపోయాయి.

"అప్పతో చెప్పు భయ్యా. మాయాబందర్‌లో కలప లారీలున్నాయి. బోటెక్కి పోతున్నా. ఆ దొంగ హెడ్డు ఆమెనే తీసుకుపొమ్మను. దీన్ని కుట్టేవాడు ఇంకెవడు దొరుకుతాడో చూస్తా."

అప్ప పక్కనే గంప మీద ఉంది. నేను గొంతు సవరించుకున్నాను. "కొద్దిరోజులు ఊరెళ్ళొస్తాడట. మీ హెడ్డు మీ దగ్గర భద్రంగా ఉంచమంటున్నాడు."

"బోటెక్కి పోతానన్నాడు. దొంగ హెడ్డు అన్నాడు. కొద్దిరోజులెక్కడ, భద్రవెక్కడ?"

"హిందీ రాదన్నావు అప్పా!"

"రాదంటే ఎదరోడు దాపరికం లేకుండా మాటాడతాడు. నువ్వేటి కలుపుతావో కూడా తెలుస్తాది."

లేచి, హెడ్డును గంపలో పెట్టి, చీరకొంగు చుట్టకుదురు చేసి నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది. పుట్టిన ఊళ్ళో చేపల బరువు మోసిన మెడ. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రం దడి సందులోంచి చూస్తే (చూశాను, ఒప్పుకుంటున్నాను) అప్ప పెరట్లో గొంతుక్కూర్చుని ఆ ఇనపదిమ్మను చేపను శుభ్రం చేసినట్టు చేస్తోంది. అది తనది కాదని రుజువు కావాలి ఆమెకి. చేపలకత్తి మొన నీళ్ళదారి కన్నంలోకి దూర్చి గీరింది. తెల్లటి పెచ్చు ఒకటి ఊడి అరచేతిలో పడింది. కన్నాలన్నీ అదే తెల్లటి పెచ్చుతో పూడుకుపోయి ఉన్నాయి.

"బాబూ, అక్కడున్నావని తెల్సు. ఇలా రా."

వెళ్ళాను.

"సూడు. సున్నం కూరేసేడు ఎదవ. నా కారుకి సున్నవెక్కడిది?" అని, పెచ్చు తుంచి నాలిక చివర పెట్టుకుంది.

చుట్ట తీసి కింద పెట్టింది. నోరు పుక్కిలించి ఉమ్మింది. ఇంకో కన్నంలోది గీరి మళ్ళీ నాలిక మీద పెట్టుకుంది. ఆమె మొహంలో రంగు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

"నువ్వు సూడు."

నాకు అసహ్యమేసింది. అయినా నాలిక తగిలించాను. ఉప్పు.

"మిస్త్రీ ఉప్పెందుకు కూరతాడు అప్పా?"

ఆమె నాతో అంటున్నట్టు కాకుండా, దిమ్మతో అంటున్నట్టు మొదలుపెట్టింది. తాగడానికి కావడివాడు పోసే నీళ్ళు కారుకి చాలవు, కుళాయిలో నీళ్ళు వచ్చేదే కాసేపు. వరసలో నిలబడితే ఆడవాళ్ళు ఇంటి గుట్లు లాగుతారు. డ్రైవరును పంపితే ఎక్కడ కబుర్లలో కూర్చుంటాడో. అందుకని తెల్లారి చేపలకి ఒడ్డుకి వెళ్ళినప్పుడు డబ్బాతో సముద్రపు నీళ్ళు తెచ్చి కారులో పోసి తాళం వేసేది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ అంతే.

"ఆయన బోటింజనుకి సముద్రం నీళ్ళే గదా బాబూ. ఒక్కనాడు జొరం రాలేదు దానికి."

"బోటు ఒక పక్క పీల్చి ఇంకో పక్క పారబోస్తుంది. కారులో అవే నీళ్ళు తిరుగుతుంటాయి..."

"ఇంక సెప్పకు. మరుగుతాది. ఆవిరైపోతాది. మళ్ళీ పోస్తాను. మళ్ళీ మరుగుతాది." అరచేతిలో పెచ్చును వేలితో అటూ ఇటూ తిప్పింది. "మా ఊరి ఉప్పుమడి. తెచ్చి ఇంజన్లో పెట్టేను."

ఆమె పెచ్చును దిమ్మ మీద పెట్టింది.

"ఈ దీవి మొత్తం మీద ఇంకెవుడి కారు ఉప్పు తాగుతాది? ఇది నాదే."

మిస్త్రీతో నేను మాట్లాడతానన్నాను. కయ్యిమంది. "నువ్వా? నాను గుండెలు బాదుకున్నట్టు, ఆడి కాళ్ళమీద పడినట్టు సెప్తావు. నువ్వొద్దు."

మర్నాడు ఆమే దిమ్మను మోసుకెళ్ళి మిస్త్రీ ముందు దించింది. "మేరా హై. నమక్ మైనే డాలా." నాదే, ఉప్పు నేనే పోశాను. అంతే. ఆ హిందీ మా ఆఫీసు హిందీకన్నా శుభ్రంగా ఉంది.

మిస్త్రీ పెట్టె తాళం వేస్తున్నవాడు తల ఎత్తాడు. కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు. "నాకెందుకమ్మా చెప్పడం? నేను దొంగను కానని నాకు తెలుసు. తెలియనివాళ్ళు బయటున్నారు."

అప్ప వెళ్ళిపోయింది. దిమ్మ అక్కడే ఉండిపోయింది.

తర్వాతి ఓడ వచ్చింది. జెట్టీ కిటకిటలాడుతోంది. అప్ప ఒక పెట్టె మీదెక్కి, చెయ్యెత్తి, ఓడ దిగుతున్న జనమంతా నిలబడిపోయేలా అరిచింది...

ఈ కథ నేను డాలీగంజ్‌లో పదిమందికి ఇలాగే చెప్పాను. విన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు కూడా. అలా జరగలేదు. ఓడా లేదు, పెట్టే లేదు. జరిగింది చాలా చిన్నది, అందుకే చెప్పాలంటే కష్టం.

మిస్త్రీ దగ్గర్నుంచి వెళ్ళిపోయిన ఆ సాయంత్రమే కుళాయి వదిలిన వేళకి అప్ప డబ్బా పట్టుకుని వచ్చి వరస చివర నిలబడింది. నేను నా బిందెతో ఆమెకి నలుగురు మనుషుల ముందున్నాను. మిస్త్రీ కూడా బకెట్టుతో ఉన్నాడు, ఎవరూ పలకరించకుండా ఒక పక్కగా. అప్పను వరసలో చూడ్డం అందరికీ వింతే.

"ఏటప్పా, దారి తప్పేవా?" అంది ఒకామె. "నీకు మా కుళాయి నీళ్ళు పడవు గదా!"

"కారుకి" అంది అప్ప.

"కారుకి ఇన్నాళ్ళూ ఏటి పోసేవేటి?"

నవ్వులాటకి అడిగిన మాట. తప్పించుకోవాలంటే ఎంతసేపు? అప్ప నోట్లోంచి చుట్ట తీసింది.

"సముద్రం నీళ్ళు. అందికే పగిలిపోనాది. మిస్త్రీ ఏటీ మార్సలేదు. ఆడు దొంగని మీకు ఇక్కడే సెప్పేను గదా, అది తప్పు. దొంగతనం నా బుర్రలో ఉంది." తర్వాత అదే మాట, తెలుగు రానివాళ్ళ కోసం, హిందీలో మళ్ళీ చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. చేప బరువు చెప్పినట్టు చెప్పింది.

కుళాయి కింద ఎవరిదో బిందె నిండి పొర్లుతోంది. ఎవరూ తియ్యలేదు. మిస్త్రీ తల వంచుకుని తన బకెట్టు చూసుకుంటున్నాడు. కాసేపటికి ముందున్న ముసలామె జరిగి, "రా అప్పా, నువ్వు ముందు పట్టుకో" అంది జాలిగా.

"ఎందుకు? నాను ముందుకెల్తే వెనకాల ఏటి మాటాడుకుంతారు?" అని అప్ప తన చోటునుంచి కదల్లేదు. వరస వచ్చేదాకా నిలబడి, డబ్బా నింపుకుని వెళ్ళింది.

మిస్త్రీ ఆ బోటు ఎక్కలేదు. "హెడ్డు కుట్టి పెడతాను. తర్వాతి బోటుకి పోతాను" అన్నాడు నాతో. పెట్టెలోంచి కావలసిన పానాలే తీశాడు, మిగతావి సర్దినవి సర్దినట్టే ఉంచాడు. ఉప్పునంతా గీరి కడిగి, పగులు ఇంకా పాకకుండా రెండు కొసల్లో చిన్న బెజ్జాలు వేశాడు. మధ్యలో ఒకదాన్నొకటి ఒరుసుకునేలా రాగి మరమేకులు బిగించాడు. వాటి తలలు కోసి, సుత్తితో తట్టి, ఆకురాయితో చదును చేశాడు. నల్లటి ఇనుము మీద ఎర్రటి రాగి కుట్టు చీర అంచులా మెరిసింది. అప్ప గంప మీద కూర్చుని చూసింది. సున్నపుకాయ మాత్రం తెచ్చుకోలేదు.

హెడ్డు బిగించాక కుళాయి నీళ్ళు పోశారు. ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది. అది వేడెక్కేదాకా ముగ్గురం వంగి ఆ కుట్టునే చూస్తూ నిలబడ్డాం. ఉప్పు తిన్న ఇనుము, ఎక్కడ విడుస్తుందో చెప్పలేనని మిస్త్రీ ముందే అన్నాడు. అప్ప కొంగు తీసి కుట్టు మీద అద్దింది. కొంగు చూసుకుంది. పొడిగా ఉంది. ఇంకో కొసన అద్దింది. అదీ పొడిగానే ఉంది. మిస్త్రీ ఇంజను వదిలేసి ఆమె మొహమే చూస్తున్నాడు.

"ఇయ్యాలకి కారలేదు" అంది అప్ప. "రేపు సూద్దాం."

మిస్త్రీ నా వైపు తిరిగాడు. "క్యా బోలీ?"

నా నోటి చివర ఎన్ని మాటలున్నాయో. నీ చెయ్యి బంగారమంది, నీలాంటివాడు కలకత్తాలో కూడా లేడంది, వెళ్ళొద్దని బతిమాలుతోంది. అప్ప నన్నే చూస్తోంది.

"ఈరోజుకి కారలేదంది. రేపు చూద్దామంది" అన్నాను. ఒక్క ముక్క కలపలేదు.

మిస్త్రీ ఇంజను ఆపాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "తో కల్ ఆనా, అమ్మా." రేపు రమ్మన్నాడు. అని, ఇనపపెట్టె మూత పూర్తిగా తెరిచి, సర్దిన పానాలు బయటికి తీసి ఒక్కొక్కటే గోడ మేకులకి తగిలించడం మొదలుపెట్టాడు. అప్ప ఇంటికి వెళ్ళకుండా, ప్రతిదీ గట్టిగా తగిలిందో లేదో చూస్తూ అక్కడే నిలబడింది.